తక్కువే పోశాను, రోజూ పోశాను

మార్చి 3

ఓడెక్కిన తమ్ముడికి, నోరు మూసుకున్న అక్క రాస్తున్నది:

నవ్వింది చాలు. నేను నోరు మూసుకుంటే చూడాలని చిన్నప్పటినుంచీ నీకెంత కోరికో నాకు తెలుసు. తీరా ఆ ముచ్చట జరిగే వేళకి నువ్వు నడి సముద్రంలో ఉన్నావు. నీ ప్రాప్తం అంతే.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇరవై రెండేళ్లు బస్టాండు మైకులో అరిచినందుకు, పార పట్టిన చేతులకి కాసినట్టు నా గొంతులో రెండు కాయలు కాశాయట. రెండూ తీసేశారు. ఆరు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు గొంతు డాక్టరు. గుసగుసలు అసలే వద్దట, అవి అరుపులకన్నా చెడ్డవట. అందుకని మెడలో తాడుకి ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలూ కట్టుకుని తిరుగుతున్నాను. కూరలవాడితో బేరం కూడా రాతపూర్వకంగానే. వాడు చదివి, ఆలోచించి, చివరికి తగ్గిస్తున్నాడు. నోటితో అడిగినప్పుడు ఎన్నడూ తగ్గించలేదు.

డిపో మేనేజరు సెలవిచ్చాడు. జూన్ పదిహేనున గొంతు పరీక్ష. నెగ్గితే మళ్లీ మైకు గది, లేకపోతే వేరే ఏదో కుర్చీ. ఈలోగా నా చోట ఒక మెషిన్ అమ్మాయి గొంతు పెట్టారు. నిన్న మందులకి వెళ్తూ కాసేపు ఆగి విన్నాను. రద్దయిన బస్సుని కూడా అది అంతే మెత్తగా, 'దయచేసి గమనించగలరు' అంటూ మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉందని చెప్పింది. జనం సామాన్లతో పరిగెత్తి, ఖాళీ చోటు చూసి నోళ్లు వెళ్లబెట్టారు. ఆ కుర్చీ నాది. జూన్ పదిహేనున తిరిగి తీసుకుంటాను, రాసి పెట్టుకో.

ఇక నీ సంతానం. గది ఖాళీ చేసి, రెండు కూరగాయల పెట్టెల్లో తెచ్చి నా బాల్కనీలో దింపిపోయిన నీ పదిహేడు సక్యులెంట్ మొక్కలూ క్షేమం. పేర్లకు బదులు, మీ ఇంజను గదిలో వాల్వులకి అంటించినట్టు కుండీలకి నంబర్లు అంటించావు చూడు, అది నాకు నచ్చింది. నాకూ నంబర్లే అలవాటు. 'నీళ్లు తక్కువ' అని చీటీ రాశావు కదా, తక్కువే పోస్తున్నాను. ఒక్కోదానికి ఒక్క చిన్న టీకప్పు, రోజూ ఉదయం ఆరూ పదికి. ఒక్క రోజు తప్పలేదు, ఒక్క నిమిషం దాటలేదు. బస్సు అయిదు నిమిషాలు ఆలస్యమైతే మైకులో క్షమాపణ చెప్పినదాన్ని, మొక్కని కాచుకునుండమంటానా? కింది ఫ్లాటు వాళ్ల మీద చుక్క పడకుండా ప్రతి కుండీ కిందా లోతు పళ్లెం కూడా పెట్టాను.

ఫలితం చూస్తే నీ కళ్లు చెదురుతాయి. ఆకులు ఉబ్బి, లోపల దీపం పెట్టినట్టు మెరుస్తున్నాయి. ఒక్క ఆకు నుంచి నాలుగేళ్లు పెంచానని నువ్వు మురిసిపోయే పదకొండో నంబరైతే అద్దమే అనుకో! నీ గదిలో అన్నీ దుమ్ముకొట్టుకుని, ముడుచుకుని, దిక్కులేనివాటిలా ఉండేవి. ఈ ఊపులో నేను కూడా రెండు ఖాళీ రంగు డబ్బాలు కడిగి ఒకదాంట్లో పుదీనా, ఒకదాంట్లో టమాటా వేశాను.

నోరు లేని మొక్కలతో నోరు లేని కాపురం చేస్తున్న
నీ అక్క

మార్చి 21, రేవు నుంచి

అక్కా,

ముందు ఆ కప్పు కింద పెట్టు. ఉత్తరం మిగతాది తర్వాత చదువుదువుగాని, వెళ్లి ఆ పళ్లేలన్నీ తీసెయ్.

పెట్టావా? తీశావా? సరే, కూర్చుని విను. అవి మెరుస్తున్నది ఆరోగ్యంతో కాదే తల్లీ, కుళ్లి. ఇవి ఆకుల్లోనే నీళ్లు దాచుకుని నెలల తరబడి బతికే జాతి. వీటికి దాహం వేసేలోగా నువ్వు ముప్ఫైసార్లు పోశావు. పైగా కిందనుంచి పళ్లెంలో స్నానం! నువ్వు రాసింది చదివి గట్టిగా అరిచాను, వంటవాడు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. ప్రతిదాన్నీ కుండీలోంచి లాగి వేళ్లు చూడు. తెల్లగా గట్టిగా ఉంటే దులిపి, పొడి ఇసుకలో పెట్టు. నల్లబడి మెత్తగా ఉంటే పదునైన బ్లేడు తీసుకుని, స్పిరిటుతో తుడిచి, కాండాన్ని పైకి పైకి కోసుకుంటూ పో. కోసిన చోట గోధుమరంగు చుక్క కూడా లేనంతవరకూ కొయ్యాలి. జాలిపడి ఒక్క మచ్చ వదిలావో, రెండ్రోజుల్లో మొత్తం పోతుంది. ప్రతి కోతకీ బ్లేడు మళ్లీ తుడవాలి. మిగిలిన పై ముక్కని మట్టిలో పెట్టకు, నీళ్లు చూపించకు. నీడలో, కాగితం మీద వారం రోజులు పడుకోబెట్టు. కోసిన చోట ఎండి పెచ్చు కట్టాక, ఇసుకా చిన్న ఇటుక ముక్కలూ కలిపిన పొడి మట్టి మీద కూర్చోబెట్టు. వేళ్లు వచ్చేదాకా చుక్క నీరు వద్దు. అన్నిటికన్నా కష్టం ఇదే, ఏమీ చెయ్యకుండా ఉండడం. నీకు చేతకాని పని అదొక్కటేనని నాకు తెలుసు.

పదకొండో నంబరు సంగతి విడిగా రాయి.

నీ గొంతు గురించి కూడా ఒక మాట. ఇరవై రెండేళ్లు చాలదా అక్కా? ఇంక హాయిగా కూర్చుని చేసే పని ఏదైనా చూసుకోకూడదూ? మెషిన్ ఉంది కదా, అరవనీ.

ఇంజను గదిలో ఉడికిపోతున్న
తమ్ముడు

ఏప్రిల్ 6

తమ్ముడికి,

నీ ఉత్తరం నిన్న చేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అప్పటికే ఏడు పోయాయి. ముట్టుకుంటే ఆకులు జారి పడుతుంటే బరువెక్కువై రాలుతున్నాయేమో అనుకున్నాను. నాలాంటి తెలివిగలదాన్ని మైకు గదిలో ఎందుకు కూర్చోబెట్టారో మరి!

అది చదవగానే భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, నా కళ్లజోడూ, బ్లేడూ, స్పిరిటూ పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కటే లాగుతుంటే వేళ్లు తడి దారాల్లా చేతికి ఊడొచ్చాయి. ఆ వాసన నీకు రాయలేను. ఏడో నంబరుకి మూడంగుళాల కాండం ఉండేదా, కోస్తూ కోస్తూ పోతే చివరికి బొత్తాంత తల మిగిలింది. అయినా శుభ్రమైన చోటు వచ్చేదాకా ఆగలేదు. జాలిపడకు అన్నావు, పడలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను, చప్పుడు లేకుండా. డాక్టరు మాట్లాడొద్దన్నాడు గాని ఏడవొద్దనలేదు.

తొమ్మిది తలలు మిగిలాయి, అలమార మీద పేపరు మీద పడుకున్నాయి. పదకొండో నంబరు చికిత్సలో ఉంది. ఇప్పుడే ఏమీ చెప్పలేను.

ఇంకో భాగోతం విను. పళ్లేలు తీసేశానా, కుండీలు కడిగిన బురదనీళ్లు నేరుగా కింది ఫ్లాటు బాల్కనీలో పడ్డాయి. అక్కడ రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉంటారు. తెల్ల చొక్కా పట్టుకుని పైకొచ్చారు. "ఏమ్మా, ఇది చొక్కానా, మ్యాపా?" అని మొదలెట్టి, అయిదు నిమిషాలు ఊపిరి తీసుకోకుండా దులిపేశారు. నేను నోరు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, పుస్తకం తెరిచి 'క్షమించండి' అని రాశాను. ఆయన ముఖం మారిపోయింది. "అయ్యో, నాకు తెలీదమ్మా... పుట్టుకతోనేనా?" అన్నారు. వివరంగా రాద్దామంటే పెన్సిలు ముక్కు విరిగింది. తల ఊపాను. అటు ఊపానో ఇటు ఊపానో నాకే తెలీదు. సాయంత్రం వచ్చి, పగిలిన టైల్సు సుత్తితో కొట్టిన ముక్కలు ఒక బకెట్టుడు ఇచ్చిపోయారు, కుండీల అడుగున వేసుకోమని. ఇప్పుడు నిజం చెబితే బకెట్టు వెనక్కి అడుగుతారేమో!

కూర్చుని చేసే పని చూసుకోమన్నావు. నేను చేసేదీ కూర్చుని చేసే పనే. మైకు ముందు కుర్చీ ఉంది, నువ్వు చూడలేదేమో. ఆ మాట ఇంకోసారి రాయకు.

బ్లేడు పట్టిన
అక్క

ఏప్రిల్ 9, ఇంకో రేవు నుంచి

అక్కా,

ఈ రేవులో నీ ఉత్తరం ఉంటుందని ఆశపడ్డాను. కంపెనీ ఆఫీసులో రెండుసార్లు అడిగాను, లేదన్నారు. నువ్వు రాయకుండా ఉండే మనిషివి కావు. అంటే అన్నీ పోయాయి, నాకు ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నావు. లేదా నీ ఒంట్లో బాగాలేదు. వారం నుంచి ఇదే ఆలోచన. పైపు బిగిస్తూ స్పానరు కాలి మీద వేసుకున్నాను, అంత పరధ్యానం.

మొక్కలన్నీ పారెయ్ అక్కా. నేనేమీ అనుకోను. కుండీలు మెట్ల కింద పెట్టి నువ్వు పడుకో. వాటికోసం నడుం విరగ్గొట్టుకోకు.

ఇంకో పని కూడా చేశాను. నువ్వు ఎవరినీ ఏమీ అడగవు, అడగనిదే అమ్మైనా పెట్టదు కదా. అందుకని మీ డిపో మేనేజరుకి నేనే ఉత్తరం రాశాను. మా అక్క ఆరోగ్యం బాగాలేదు, గొంతు మళ్లీ పాడవుతుందని ఇంట్లో అందరం భయపడుతున్నాం, పోయిన సామాన్ల గదిలో పని ఇప్పించండి అని. మర్యాదగానే రాశాను. ఆ గదిలో ఫ్యాను కూడా ఉంది, గొడుగులూ టిఫిన్ డబ్బాలూ తప్ప ఎవరూ విసిగించరు. పరీక్షా గిరీక్షా బాధ వదిలిపోతుంది.

మంచి పని చేశానని నువ్వే అంటావు చూడు.

నీ తమ్ముడు

ఏప్రిల్ 30

పెద్దమనిషిగారికి,

నమస్కారం. 'ఇంట్లో అందరం' అని రాశారట. ఆ అందరూ ఎవరో తమరే చెప్పాలి. ఇంట్లో ఉన్నది నేనూ, తొమ్మిది మొక్కలూ. మేమెవరం భయపడలేదు.

మొన్న డిపో మేనేజరు పిలిపించాడు. బల్ల మీద నీ ఉత్తరం, పక్కన టైపు చేసిన ఆర్డరు. మే ఒకటి నుంచి పోయిన సామాన్ల గది. జూన్ పరీక్ష రద్దు. "మీ తమ్ముడే రాశాడు కదమ్మా, మీ మనసులో మాటే అయ్యుంటుందనుకున్నా. మీరు నోటితో అడగలేరు కదా పాపం" అన్నాడు. ఆ పాపం అన్న మాట నీవల్లే పడ్డాను. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో నన్నెవరూ పాపం అనలేదు. వరదలొచ్చిన ఏడాది ముప్ఫై గంటలు మైకు వదలకుండా జనాన్ని ఇళ్లకి పంపినప్పుడు కూడా శభాష్ అన్నారు గాని పాపం అనలేదు.

డాక్టరు రోజుకి అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చాడు. కానీ ఆ రోజు అయిదు నిమిషాలూ పొద్దున్నే మొక్కల దగ్గర ఖర్చయిపోయాయి. అందుకని పుస్తకం తీసి ఇంతింత అక్షరాలతో రాశాను: 'నా మనసులో మాట నా నోటితోనే చెబుతాను. జూన్ పదిహేను దాకా ఆగండి.' ఆయన చదివాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. ఆర్డరు సొరుగులో పెట్టాడు. చింపలేదు, సొరుగులోనే ఉంది. పరీక్ష తప్పితే ఆ రోజే బయటికొస్తుంది. నీ పుణ్యమా అని ఇప్పుడు నేను నెగ్గి తీరాలి.

నీ మీద నాకు పట్టరాని కోపంగా ఉంది. నేను నీ మొక్కలకి చేసిందే నువ్వు నాకు చేశావు. నాకు దాహం వేసిందో లేదో అడక్కుండా పోసేశావు. నేను తెలీక పోశాను. నువ్వు ఆ సంగతి నాకు పాఠం చెప్పి మరీ పోశావు. నీ ఉత్తరం రావడానికి పద్దెనిమిది రోజులు, నాది చేరడానికి ఇరవై. ఈ మధ్యలో నేను చచ్చానని నువ్వే అనుకుని, నువ్వే దినం కూడా పెట్టేసేలా ఉన్నావు.

మొక్కలు పారెయ్యను. పారెయ్యమనడానికి నువ్వెవరు? అవి ఇప్పుడు నావి. ఏడో నంబరుకి గురువారం వేళ్లొచ్చాయి. నెమ్మదిగా ఎత్తి చూస్తే అడుగున గులాబీరంగు పోగులు నాలుగు, పసిపిల్ల వెంట్రుకల్లా. ఎవరికైనా చెప్పాలనిపించింది. దానికే చెప్పాను, 'వచ్చాయే' అని. ఆపరేషన్ తర్వాత నేను పైకి అన్న మొదటి మాట అది. నా గొంతు విని నేనే అదిరిపడ్డాను. ఇనుప గేటు ఈడ్చినట్టుంది. రోజూ వాటి ముందు కూర్చుని, ఒకటో నంబరు నుంచి పదిహేడు దాకా పిలుస్తున్నాను, పోయినవాటితో సహా.

దాంతో ఇంకో చిక్కొచ్చింది. మాస్టారు కింద విని, మెట్ల దగ్గర ఆపి, "మీ ఇంట్లోకి ఎవరో మగమనిషి వచ్చినట్టున్నాడు, పొద్దున్నే ఏవో లెక్కలు చెబుతున్నాడు, అంతా క్షేమమేనా?" అన్నారు. ఇంక దాచలేక, "నేనేనండీ" అన్నాను. ఆయన రెండు మెట్లు కిందికి దిగి, గోడ పట్టుకున్నారు. తర్వాత ఎంత నవ్వారంటే నాకు కోపం రావాల్సింది పోయి నాకూ నవ్వొచ్చింది. బకెట్టు అడగలేదులే.

ఇప్పటికి ఆశీస్సులు ఏమీ లేవు.
అక్క

మే 18, ఓడ నుంచి

అక్కా,

నీ రెండుత్తరాలూ ఒకేసారి అందాయి. ఏప్రిల్ ఆరుది ముందు రేవుకి వెళ్లి, వెనకపడి, తిరిగి తిరిగి వచ్చింది. అది నా చేతికి వచ్చేదాకా ఆగి ఉంటే నేను మేనేజరుకి రాసేవాణ్ణి కాదు. అలా అని తప్పించుకోను. రాసింది తప్పే. ఈ రోజే ఆయనకి ఇంకో ఉత్తరం పంపాను, మా అక్క అడగనిది అడిగాను, దాన్ని చింపెయ్యండి అని. చింపుతాడో లేదో నీకే తెలియాలి.

ఎందుకు రాశానో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫిబ్రవరిలో నేను బయల్దేరిన రోజు, మీ బస్టాండులో నా బస్సు దగ్గర నిలబడ్డాను. నువ్వు ఆ బస్సునే పిలుస్తున్నావు. ఊరి పేరు సగంలో నీ గొంతు తెగిపోయింది. మళ్లీ మొదలుపెట్టావు. మళ్లీ తెగింది. నా ముందున్న ఇద్దరు ఆ చప్పుడుని అనుకరించి నవ్వారు. వాళ్లని చూసి పక్కవాళ్లు నవ్వారు. ప్లాట్‌ఫారమంతా నవ్వింది అక్కా. నేను ఫిట్టరుని, నా చెయ్యి ఎంత లావుంటుందో నీకు తెలుసు. ఆ ఇద్దరినీ ఒక్క మాట అనలేదు. ఆ మైకులో ఉన్నది మా అక్క అని కూడా అనలేదు. తలొంచుకుని బస్సెక్కి కూర్చున్నాను. ఆ నవ్వు ఇంజను చప్పుడులో కూడా నాకు వినిపిస్తోంది. నిన్ను మళ్లీ ఆ గదిలోకి పోనివ్వకూడదనుకున్నాను. నీ కోసమని రాశాను గాని, సగం నా కోసమే.

పదకొండో నంబరు సంగతి నువ్వు రెండుత్తరాల్లోనూ సరిగ్గా రాయలేదు. నాకొక పిచ్చి పట్టుకుంది, తిట్టకు. అది బతికితే నీ గొంతు కూడా వస్తుందని. వేళ్లొచ్చిన వాటిని ఒకేసారి ఎండలో పెట్టకు. మొదటి రోజు పొద్దుటెండలో పది నిమిషాలు, రోజుకింత చొప్పున పెంచు. లేకపోతే ఆకులు కాలి మచ్చలు పడతాయి. ఆకు సందుల్లో తెల్ల దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. పుల్లకి దూది చుట్టి స్పిరిటుతో తుడిచెయ్.

క్షమించమని అడగను. పరీక్ష రోజు ఏమైందో మాత్రం రాయి.

తలొంచుకున్న
తమ్ముడు

జూన్ 17

తమ్ముడూ,

ముందు పదకొండో నంబరు సంగతి. అది పోయింది. ఏప్రిల్ అయిదునే పోయింది. కోస్తూ పోతే చివరి ఆకు దాకా నల్లగానే ఉంది. ఒక్క ఆకు మిగిలితే ఇసుక మీద పెట్టాను, అది కూడా నీరైపోయింది. నాలుగేళ్లు నువ్వు పెంచినదాన్ని నెల రోజుల్లో చంపానని రాయడానికి చెయ్యి రాలేదు. 'చికిత్సలో ఉంది' అని అబద్ధం రాశాను. దానికి నా మీద నీకు ఎంత కోపమొచ్చినా పడతాను. ఆ కుండీలో పచ్చిమిరప నాటాను. ఖాళీ కుండీ ఎదురుగా ఉంటే నాకు పని తోచదు.

అందుకే చెబుతున్నాను, నీ పదకొండుకీ నా గొంతుకీ ఏ చుట్టరికం లేదు. అది పోయినా నేను పరీక్షకి వెళ్లాను.

నీ పది నిమిషాల ఎండ మాట, డాక్టరు చెప్పిన పది నిమిషాల మాటలు ఒకే వారం నా చెవిన పడ్డాయి. మీరిద్దరూ కూడబలుక్కున్నారా అని అనుమానమొచ్చింది. కానీ నీ ఉత్తరం వచ్చేలోపే నేను రెండు మొక్కల్ని నడినెత్తి ఎండలో పెట్టేశాను, కాలాయి. మచ్చలు పోవట. ఉండనీ, వాటి ముఖం వాటిది. మిగిలిన ఏడింటిని మాత్రం రోజూ మోసుకెళ్లి, మోసుకొచ్చి, అరగంట దాకా తెచ్చాను. నా గొంతూ అరగంట దాకా వచ్చింది. పిండినల్లి కూడా వచ్చింది. మాస్టారు భూతద్దం పట్టుకుంటే నేను దూది పట్టాను. పుదీనా డబ్బా నిండింది, టమాటా నాలుగు కాసింది. కప్పు మాత్రం అలమార్లో దాచేశాను. ఇప్పుడు మట్టిలో పుల్ల గుచ్చి, పొడిగా వస్తే ఇంకో వారం ఆగి పోస్తున్నాను. ఉదయం ఆరూ పది అవుతుంటే చెయ్యి తహతహలాడుతుంది. గట్టిగా చేతులు కట్టుకుని నిలబడతాను.

పదిహేనున వెళ్లాను. మేనేజరు బల్ల మీద నీ రెండో ఉత్తరం ఉంది, దాని కింద ఆర్డరు కూడా ఉంది. హెడ్డాఫీసు నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. బయట జనం ఉన్న వేళలోనే, నిజం మైకులో, పన్నెండు బస్సులు పిలవాలన్నారు. మెషిన్ అమ్మాయిని ఆపేశారు. నా కుర్చీ ఎవరో ఎత్తు పెంచారు, ముందు దాన్ని దించుకున్నాను.

మొదటి ఆరూ బాగానే వచ్చాయి. పాత గొంతు కాదురా, అది ఇంక రాదు. ఇది బరువుగా, కిందికి, కొంచెం గరుకుగా ఉంది. ఏడో బస్సు దగ్గర, ఊరి పేరు సగంలో, పట్టేసింది. నువ్వు చెప్పిన చోటే, సరిగ్గా అలాగే. పాతరోజుల్లోనైతే తోసేదాన్ని. తెగినా సరే గట్టిగా అరిచి తోసేదాన్ని. అలా తోసే కదా కాయలు కాయించుకున్నాను. ఈసారి మీట నొక్కి మైకు ఆపేశాను. ఆగాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ గదిలో ముగ్గురూ నన్నే చూస్తున్నారు. హెడ్డాఫీసు ఆయన చేతిలో పెన్ను లేచింది. గాలి తీసుకుని, మీట ఎత్తి, ఊరి పేరు మొదటినుంచి పిలిచాను. పన్నెండూ పూర్తి చేశాను.

బయటికొచ్చాక హెడ్డాఫీసు ఆయన, "గొంతు మునుపటిలా లేదు కదమ్మా" అన్నాడు. "బస్సులు మునుపటివే కదండీ" అన్నాను. మేనేజరు ఆర్డరు తీసి నాలుగు ముక్కలు చేశాడు. నీ ఉత్తరాలు రెండూ మాత్రం నాకిచ్చాడు, "తమ్ముణ్ణి ఏమీ అనకండి" అంటూ. రోజుకి మూడు గంటలు, పొద్దుటి షిఫ్టు. మిగతాది ఆ అమ్మాయే. మూడు గంటలు తక్కువే. ఏడాదిలో నాలుగు చేస్తాను, ఆ పై ఏడాది చూద్దాం.

ఆ ఇద్దరు నవ్విన సంగతి. నాకు తెలుసురా. మైకు గది అద్దంలోంచి అంతా కనిపిస్తుంది. నువ్వు తలొంచుకుని బస్సెక్కడం కూడా కనిపించింది. వెళ్లేవాడివి ఏడుస్తూ వెళ్తున్నావని అనుకున్నాను, నా మీద బెంగతో. ఇప్పుడు నువ్వు రాశాక కూడా నేను అదే అనుకుంటున్నాను.

నీ మీద కోపం పోయింది. ఎప్పుడు పోయిందో చూసుకోలేదు.

మైకు గది నుంచి
అక్క

ఆగస్టు 28, ఉదయం, మీ బస్టాండు బెంచీ మీద

అక్కా,

ఓడ మూడు రోజులు ముందే రేవు పట్టింది. నీకు చెప్పకుండా వచ్చి, నువ్వు డ్యూటీ దిగేలోగా ఇంటికెళ్లి మొక్కలు చూద్దామనుకున్నాను. ఇక్కడ దిగి గంటైంది. ఇంకా బెంచీ మీదే ఉన్నాను. ఈ కాగితం టిక్కెట్ల కౌంటరులో అడిగి తీసుకున్నది.

దిగగానే మైకు వినబడింది. మొదట ఎవరో అనుకున్నాను. నిజం చెబుతున్నాను, నిన్ను గుర్తుపట్టలేదు. రెండో బస్సు పిలిచినప్పుడు, ఊరి పేరు చివర కొంచెం సాగదీస్తావు చూడు, దాంతో పట్టుకున్నాను. అప్పటినుంచి నేను మైకు వైపు చూడలేదు. జనాన్ని చూస్తున్నాను. ఎవరు నవ్వుతారో చూద్దామని, ఈసారి లేద్దామని, పిడికిలి బిగించి కూర్చున్నాను.

ఇందాక ఒకసారి పట్టేసింది నీకు. ఆగావు. నా పక్కన ఒక పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, తల పైకెత్తి ఎదురుచూశాడు. నువ్వు మళ్లీ మొదలుపెట్టి, ఊరూ, ప్లాట్‌ఫారం నంబరూ చెప్పావు. ఆయన సంచీ భుజాన వేసుకుని, "అయిదా, సరే" అనుకుంటూ అయిదో నంబరుకి వెళ్లి బస్సెక్కాడు. ఆయనే కాదు, ఇద్దరు పిల్లలతో ఒకావిడ, పెట్టె మోస్తున్న ఒకాయన, ఎవరి సామాను వాళ్లు ఎత్తుకుని, ఎవరి బస్సు దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. ఒక్కరు కూడా నవ్వలేదు. గంటసేపు చూశాను.

ఈ కాగితం మీ గది అద్దం కింది సందులోంచి తోసి వచ్చి, మళ్లీ ఇదే బెంచీ మీద కూర్చుంటాను. మీ పేట వెళ్లే బస్సుని నువ్వు ఇప్పటికి రెండుసార్లు పిలిచావు. రెండుసార్లూ లేవలేదు. మూడోసారి పిలువు. ఈసారి లేస్తాను.

తమ్ముడు